ఇల్లు షెడ్డుకెళ్ళిన వేసవి

జూన్ ఆఖరి సోమవారం పొద్దున్న ఆరున్నరకి మెకానిక్ డ్వెయిన్ వచ్చి, చేతిలో కాఫీ కప్పుతోనే మా ఇంట్లోకి ఎక్కి, మా ఇంటిని తోలుకుపోయాడు. మంచం, పొయ్యి, నెల్డా అల్లిక బుట్ట, గోడ గడియారం, నేను ఇరవయ్యేళ్ళుగా పారేయకుండా దాచుకున్న పాత బూట్లు, అన్నీ చక్రాల మీద కదిలి షెడ్డులోకి వెళ్ళిపోయాయి. నేనూ నెల్డా చెరొక మడత కుర్చీ పట్టుకుని, బస్సు తప్పిపోయినవాళ్ళలా గేటు పక్కన నిలబడ్డాం.

ఇండియానా ఉత్తరాన ఈ ఊళ్ళల్లో ఇది రోజూ జరిగే తంతే. మోటారు ఇళ్ళు పుట్టేది ఇక్కడే, ముసలివయ్యాక వైద్యానికి వచ్చేదీ ఇక్కడికే. మామూలుగా అయితే పొద్దున్న తీసుకెళ్ళిన ఇంటిని మధ్యాహ్నం మూడింటికల్లా తెచ్చిచ్చేస్తారు. పగలంతా యజమానులు కుక్కల్నీ పిల్లుల్నీ ఒళ్ళో పెట్టుకుని షెడ్డు ముందు గదిలో కూర్చుని, ఎవరి బండికి ఎన్ని రోగాలున్నాయో చెప్పుకుంటారు. చీకటి పడేసరికి ఎవరింట్లో వాళ్ళు పడుకుంటారు. కానీ మాది పదిహేడేళ్ళ బండి. నేల కింద చెక్క కుళ్ళిపోయింది.

"నేలంతా విప్పాలి సార్. ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ ఇందులో కాలు పెట్టడానికి కూడా ఉండదు" అని డ్వెయిన్ ముందే చెప్పాడు.

నెల్డా నా చొక్కా పట్టి లాగింది. "మనింటిని ఎక్కడికి తీసుకుపోతున్నాడు?"

"బాగుచేయడానికి. ఇప్పుడేగా చెప్పాను."

"చెప్పావా?" అని రెండు చేతులతో కణతలు నొక్కుకుంది. ఆ పొద్దున ఆ ప్రశ్న అడగడం అది నాలుగోసారి.

రెండేళ్ళుగా ఇదే వరస. లేస్తే తలనొప్పి, తింటే వాంతి. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం, మనవడి పేరు కోసం తడుముకోవడం. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో నా ప్రతి తప్పునీ తారీకుతో సహా గుర్తుపెట్టుకున్న మనిషి ఈ స్థితికి వచ్చింది. డాక్టరు మతిమరుపు మొదలైందన్నాడు, ఇంక పెరగడమే తప్ప తగ్గదన్నాడు. మా అమ్మాయి కోరీన్ నెబ్రాస్కాలో తన ఊళ్ళోనే ఇలాంటివాళ్ళని చూసుకునే ఆశ్రమం ఒకటి వెతికింది. ఆగస్టు ఇరవైకి అక్కడ ఒక గది ఖాళీ అవుతుంది. బండి బాగుచేయించి అమ్మేయడం, నెల్డాని అక్కడ దింపడం, ఆ పక్క వీధిలో నేనొక గది అద్దెకి తీసుకోవడం, ఇదీ తండ్రీకూతుళ్ళు ఫోనులో వేసుకున్న పథకం. నెల్డాకి మాత్రం చెప్పలేదు. చెప్పినా మర్చిపోతుంది కదా అనుకున్నాను. ఎదుటి మనిషి గురించి అలా అనుకోవడం అలవాటైపోతే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ముందు తలదాచుకునే చోటు దొరకాలి. నేను ఎనిమిదేళ్ళుగా ఎడారుల్లోనూ అడవుల్లోనూ, ఊరికే ఆగనిచ్చే సర్కారు భూముల్లోనూ బండి నిలిపి బతికినవాణ్ణి. క్యాంపుల్లో రుసుము కట్టి కరెంటు తీగ తగిలించుకోవడం నాకు నామోషీ. మాకు మిగిలింది బండి వెనక కట్టుకుని తిరిగే చిన్న కారూ, అందులో ఒక పాత డేరా. దేశంలో ఇంత నేలుండగా ఆ డేరాకి చోటు దొరక్కపోతుందా అన్న ధీమాతో ఎక్కడా ముందుగా చెప్పి పెట్టుకోలేదు. ముందు జూలై నాలుగు స్వాతంత్ర్య దినం పండగ, దాని వెనకాలే కౌంటీ తిరనాళ్ళు. నా ధీమా సంగతి మధ్యాహ్నానికే తేలిపోయింది.

మొదటి క్యాంపులో కిటికీ దగ్గరి అమ్మాయి, "బండి పొడుగెంత?" అని అడిగింది.

"బండి లేదమ్మా. డేరా."

"వెనకాల బండి వస్తోందా?"

"రాదు. అది షెడ్డులో ఉంది."

"మరి ఆరు వారాలు ఎక్కడుంటారు?"

"అదే కదా నిన్నడుగుతున్నా!"

ఆ అమ్మాయి పకపకా నవ్వి, పద్నాలుగు రోజులకి మించి ఎవర్నీ ఉండనివ్వమనీ, ఆ పద్నాలుగు రోజులకీ కూడా ఇప్పట్లో చోటు లేదనీ చెప్పింది. రెండో క్యాంపులో డేరాలవాళ్ళని రానివ్వరు. షెడ్డువాళ్ళ ఆవరణలో మోటారు ఇళ్ళు తప్ప ఇంకేమీ నిలపకూడదని బోర్డే ఉంది. ఎనిమిదేళ్ళు డేరాలవాళ్ళని చూసి జాలిపడినవాణ్ణి, రెండు రోజుల్లో వాళ్ళకంటే అధ్వాన్నమయ్యాను. ఆ రెండు రాత్రులూ కారు సీట్లు వాల్చుకుని పడుకున్నాం. నెల్డా ఒక్క మాటా అనలేదు. తిడితే బాగుండుననిపించింది.

మూడో రోజు రోడ్డు పక్కన బల్ల మీద పళ్ళ పిండివంటలు పెట్టి ఉంటే కారు ఆపాను. అమ్మే మనిషి లేదు. పక్కన డబ్బుల డబ్బా మాత్రం ఉంది. తెల్లటి వల టోపీ పెట్టుకున్న డెబ్భై అయిదేళ్ళ ఆవిడ బీన్స్ మళ్ళలోంచి చేతులు దులుపుకుంటూ వచ్చింది. ఎర్మా ఆమె పేరు, పాతకాలపు కట్టుబాట్లతో బతికే మెనొనైట్ క్రైస్తవుల మనిషి, మొగుడు పోయి పదేళ్ళు.

"ఎక్కడ దిగారు?" అని పలకరించింది.

"దిగే చోటు కోసమే తిరుగుతున్నామండీ" అన్నాను.

"మా ఇల్లు షెడ్డుకెళ్ళింది" అంది నెల్డా.

"ఇల్లు షెడ్డుకెళ్ళడం ఏమిటమ్మా! నా ఇంటికి డెబ్భై ఏళ్ళుగా మరమ్మతు కావాలి, ఒక్కనాడూ లేచి వెళ్ళలేదు" అని ఎర్మా గట్టిగా నవ్వింది. నెల్డా కూడా నవ్వింది. నవ్వి, "మీ పేరేమన్నారు?" అని అప్పటికే రెండుసార్లు అడిగిన మాట మళ్ళీ అడిగింది. ఎర్మా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పి నా మొహం చూసింది. "కొట్టం వెనకాల గడ్డి నేలుంది. పంపుంది. డేరా వేసుకోండి. ఆదివారం నాడు సుత్తి చప్పుడు మాత్రం వినపడకూడదు."

"మీకేమివ్వమంటారు?"

"బీన్స్ తుంచిపెట్టండి. కాపు మీద కాపు వస్తోంది, నా వేళ్ళు రావట్లేదు."

మొదటి వారమంతా నెల్డా నిద్రపోయింది. తెల్లారితే కాస్త తిని, కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం మళ్ళీ పడుకునేది. ఇంక అయిపోయింది, ఆగస్టు దాకా కూడా ఆగదేమో అని నేను బెంగపెట్టుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున్న కాఫీ వాసనకి నాకు మెలకువొచ్చింది. డేరా బయట చిన్న పొయ్యి వెలిగించి, నెల్డా కప్పులు కడుగుతోంది. పొయ్యి సెగ లోపలికి రాకుండా గుడ్డ తలుపు జిప్పు మూసి బయటే కూర్చుంటే, నేనే జిప్పు తీసి చూశాను.

"ఓర్విల్, నాకు తలనొప్పి లేదు" అంది.

"ఏమిటీ?"

"లేదు. ఇందాకట్నించీ వెతుక్కుంటున్నా. ఎక్కడా లేదు."

తర్వాత రోజుకొక వింత. ఎర్మాకి పదకొండుమంది మనవలు. ఎవరు ఏ కూతురి పిల్లలో నాకే తికమక. నెల్డా రెండు రోజుల్లో పేర్లన్నీ పట్టేసింది. కారు తాళాలు ఎక్కడ పెట్టానా అని నేను వెతుక్కుంటుంటే, "నీ టోపీలో పెట్టి, టోపీ పెట్టుకుని తిరుగుతున్నావు" అంది. మూడో వారంలో ఒక సాయంత్రం ముగ్గురం ఎర్మా వసారాలో పేకాడుతున్నాం. ఎర్మా వాళ్ళ మతంలో రాజు, రాణి బొమ్మలున్న ముక్కలు ముట్టరు. రంగులూ అంకెలూ ఉన్న పేకే ఆడతారు. నేను ముక్క వేయబోతుంటే నెల్డా తలెత్తకుండా, "ఆకుపచ్చ పద్నాలుగు నీ దగ్గరే ఉంది. ఇందాక ఎర్మా పసుపు వేసినప్పుడు దాచావు. ఇప్పుడు వెయ్యి" అంది.

నా చేతిలో నిజంగానే ఆకుపచ్చ పద్నాలుగు ఉంది. దాన్ని బల్ల మీద వేశాను.

ఆట అయ్యాక పంపు దగ్గర ఎర్మా నన్ను పట్టుకుంది. "మీ ఆవిడకి మతిమరుపని ఎవరన్నారు?"

"డాక్టరండీ."

"ఆయన చూసింది ఈమెనేనా, ఇంకెవర్నైనానా?"

"మధ్యమధ్య మంచి రోజులు వస్తాయని చెప్పారు. నమ్ముకోకూడదు" అన్నాను కటువుగా. కోరీన్‌కి ఫోను చేస్తే అదీ అదే మాటంది. "నాన్నా, లేనిపోని ఆశ పెట్టుకోకు. గది చేజారితే మళ్ళీ దొరకదు" అంది. సరేనన్నాను. నెల్డాని చూస్తే నాకు సంతోషం కలగాలి కదా. భయం వేసేది. కళ్ళెదుట మనిషి తేరుకుంటుంటే ఎందుకు భయపడుతున్నానో నాకు తెలిసేది కాదు.

నాలుగో వారం మంగళవారం డ్వెయిన్ ఫోను చేశాడు. "ఒకసారి రండి సార్. ఫోనులో చెప్పేది కాదు" అన్నాడు. నేల చెక్కలు ఇంకో పది మార్చాలంటాడేమో అని గొణుక్కుంటూ వెళ్ళాను.

మా ఇంటి నేలంతా ఊడదీసి ఉంది. ఫ్రిజ్‌ని గోడలోంచి బయటికి లాగి పక్కన పెట్టారు. అది ఉన్న గూడు లోపల కుంపటి గోడలా నల్లగా మసిబారి ఉంది.

"మీరు కరెంటు పెట్టుకోరా?" అని అడిగాడు డ్వెయిన్.

"పెట్టుకోను. ఎనిమిదేళ్ళుగా ఫ్రిజ్ గ్యాస్ మీదే" అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను, ఎందుకు దాచాలి.

"గ్యాస్ మీదంటే దీని వెనకాల రాత్రీ పగలూ చిన్న మంట వెలుగుతూనే ఉంటుంది కదా సార్. దాని గాలి పైగొట్టంలోంచి బయటికి పోవాలి. ఇదిగో చూడండి, గొట్టం నిండా కందిరీగల గూళ్ళు. ఈ అంచున రబ్బరు పట్టీ పిండి పిండైపోయింది. గాలంతా ఇంట్లోకే వచ్చింది. ఈ గోడకి అవతల ఏముంది?"

"మంచం."

"ఇటు వైపు తల పెట్టుకుని ఎవరు పడుకుంటారు?"

"నెల్డా."

డ్వెయిన్ చేతిలోని టార్చి ఆర్పేశాడు. "అది కార్బన్ మోనాక్సైడ్ సార్, విషపు గాలి. దానికి రంగుండదు, వాసనుండదు. కొంచెం కొంచెంగా లోపలికి పోతుంటే తలనొప్పి, వాంతులు, మగత. మతి సరిగ్గా పనిచెయ్యదు. ఎక్కువైతే లేవరు. మీకేమీ అవలేదా?"

నేను పగలంతా బయటే ఉంటాను. చేపలంటాను, కట్టెలంటాను, పక్క బండివాడితో కబుర్లంటాను. రాత్రిళ్ళు నాకు ఉక్క, నా వైపు కిటికీ తెరిచే ఉంటుంది. నెల్డాకి చలి. చలికాలమంతా తలుపులు మూసుకుని లోపలే అల్లిక చేసుకునేది. ఇదంతా డ్వెయిన్‌కి చెప్పాను.

"ఇప్పుడావిడ ఎలా ఉన్నారు సార్?"

"బాగుంది. డేరాలోకి వచ్చిన దగ్గర్నించీ..." అని ఆగిపోయాను. ఆ మాట నా నోటివెంటే వచ్చాక గానీ నాకు తలకెక్కలేదు.

"ఒక్కటే అర్థం కావట్లేదు" అన్నాడు డ్వెయిన్. "ఇలాంటి గాలి పడితే అరిచే అలారం పెట్టె ప్రతి బండిలో ఉంటుంది. మీ దాంట్లో గోడకి నాలుగు మేకు చిల్లులే ఉన్నాయి. తీగలు కత్తిరించి టేపు చుట్టారెవరో. శుభ్రంగా చేశారు."

"నేనే."

రెండేళ్ళ క్రితం జనవరిలో ఆరిజోనా ఎడారిలో ఉండగా ఆ పెట్టె అరవడం మొదలెట్టింది. మూడు రోజులు చెవులు హోరెత్తించింది. విప్పి వెనక చూస్తే తయారైన తారీకు కనిపించింది, ఏడేళ్ళు దాటింది. ఆ పెట్టెలకి ఆయుష్షు ఏడేళ్ళే, అది తీరితే కూస్తాయని బండ్లవాళ్ళందరికీ తెలుసు. పక్క బండివాడూ అదే అన్నాడు. కత్తెర తీసుకుని ఆ కూత ఆపేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

"ఆయుష్షు తీరితే ఉండి ఉండి ఒక కూత కూస్తుంది సార్" అన్నాడు డ్వెయిన్ మెల్లగా. "ఆపకుండా అరిచిందంటే నిజంగానే అరిచిందన్నమాట."

బండి మెట్టు మీద కూలబడ్డాను. అతను మంచినీళ్ళు తెచ్చిచ్చి, బయటికి వెళ్ళి చాలాసేపు లోపలికి రాలేదు.

నేను తిరిగి వెళ్ళేసరికి నెల్డా వసారాలో ఒక్కతే కూర్చుని బీన్స్ తుంచుతోంది. మంట గురించీ గొట్టం గురించీ, గోడ అవతలి మంచం గురించీ చెప్పాను. చేతులు ఆపి మొత్తం వింది. కాసేపటికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"అయితే నాకు మతి పోలేదన్నమాట."

"లేదు."

"ఓర్విల్, నాకు మతి పోలేదు!" అని నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అక్కడితో నేను నోరు మూసుకుంటే ఆ సాయంత్రం మా పెళ్ళినాటి సాయంత్రంలా గడిచేది. కానీ ఆమెకిప్పుడు ఆలోచన పదునుగా ఉంది.

"మరి అలారం ఎందుకు అరవలేదు? పాతది పాడైతే కొత్తది కొన్నావుగా."

నేను గిన్నెలోంచి ఒక బీన్స్ కాయ తీసి తుంచాను.

"కొన్నావు. కొత్తది కొను, కొత్తది కొను అని నేను పోరుతుంటే, 'యూమా ఊళ్ళో కొని బిగించాను, నువ్వే మర్చిపోయావు' అన్నావు. పుస్తకంలో రాసుకున్నా."

మతిమరుపు వస్తోందని భయపడి నెల్డా ఆ చలికాలమే ఒక నోటు పుస్తకం మొదలెట్టింది. మర్చిపోయినవన్నీ అందులో రాసుకునేది.

"కొనలేదు నెల్డా" అన్నాను. "పై ఊళ్ళో కొందామనుకున్నాను, ఆ పై ఊళ్ళో అనుకున్నాను. నువ్వు రోజూ అడుగుతుంటే విసుగొచ్చి, అడగడం మానుతావని అలా అన్నాను."

ఆమె నా భుజాల మీంచి చేతులు తీసేసింది. "ఆ పుస్తకంలో నేను రాసుకున్న మొట్టమొదటి మాట అదే. అలారం సంగతి మర్చిపోయాను, జాగ్రత్త అని. అది చూసుకునే నాకు జబ్బు వచ్చిందని నమ్మాను."

బీన్స్ గిన్నె ఎత్తుకుని ఎర్మా ఇంట్లోకి వెళ్ళింది. ఆ రాత్రి ఎర్మా తన వెనక గదిలో ఆమెకి పక్క వేసింది. నేను డేరాలో పడుకున్నాను.

ఆశ్రమం సంగతి కూడా చెప్పాలి. ఒకేసారి రెండు దెబ్బలెందుకు, ఆమె కోపం చల్లారాక చెప్పి గది వద్దనేద్దాం అనుకున్నాను. వాయిదా వేయడంలో నాకంత నేర్పుంది మరి. మర్నాడు మధ్యాహ్నం నేను పంపు కొడుతుంటే వసారాలో నా ఫోను మోగింది. బకెట్టు వదిలేసి పరిగెత్తాను. అప్పటికే నెల్డా తీసి, చేతులు తడిగా ఉన్నాయని స్పీకరు పెట్టింది.

"ఓర్విల్ గారి ఫోనేనాండీ? ఇరవయ్యో తారీకుకి గది సిద్ధం చేస్తున్నాం" అంది అవతలి ఆడమనిషి. "బట్టలన్నిటి మీదా పేరు కుట్టించమని చెప్పడానికి చేశాను. లోపలి బట్టల మీద కూడా. లేకపోతే ఉతుకుల్లో కలిసిపోతాయి."

"ఎవరి పేరండీ?"

"నెల్డా గారి పేరు."

"నెల్డాని నేనే."

అవతల ఆవిడ గొంతు మారిపోయింది, చంటిపిల్లలతో మాట్లాడే గొంతు. "ఓ, నెల్డా! బాగున్నావా బంగారం? మీ ఆయన పక్కనే ఉన్నారా? ఒక్కసారి ఫోను ఆయనకివ్వు తల్లీ."

"ఇవ్వను. నాతోనే మాట్లాడండి" అంది నెల్డా. ఏ గది, ఏ ఊరు, ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. నేను మెట్ల మీదే నిలబడిపోయాను. "ఆ గది ఇంకెవరికన్నా ఇవ్వండి. ఈ మాట చెబుతున్నది నేనేనని రాసుకోండి" అని ఫోను పెట్టేసింది.

"మే నెల నుంచీనా?" అని నన్నడిగింది.

"అవును."

"కోరీన్‌కీ తెలుసు."

"తెలుసు."

"ఎర్మాకి?"

"తెలియదు."

"పోనీలే, ఒక్క మనిషన్నా మిగిలింది."

ఏదో ఒకటి అనాలి కదా అని ఉన్నమాటే అన్నాను. "చెప్పినా మర్చిపోతావనుకున్నాను."

"దీన్ని మర్చిపోను" అంది నెల్డా. గొంతు పెంచలేదు. నలభై ఒక్క ఏళ్ళలో ఆమె నన్ను చాలా మాటలంది గానీ, ఏ మాటా అంత మెల్లగా అనలేదు.

ఊళ్ళో ఎర్మా చూపించుకునే డాక్టరున్నాడు. రేపు వెళ్తున్నానంది. నేనూ వస్తానన్నాను.

"రా. లోపలికి మాత్రం కాదు."

రెండేళ్ళుగా ఏ డాక్టరు గదిలోనైనా ప్రశ్న ఆమెకి, జవాబు నాది. రాత్రి నిద్రపడుతోందా అంటే నేను చెప్పేవాణ్ణి. ఏమేం మర్చిపోతోంది అంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాణ్ణి. పక్క కుర్చీలో నెల్డా ఒళ్ళో చేతులు పెట్టుకుని, వేరే ఎవరి సంగతో వింటున్నట్టు వినేది. ఆ మర్నాడు నేను బయట గోడవారగా కుర్చీలో గంటన్నర కూర్చున్నాను. తలుపు అవతల ఆమె గొంతు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. మాటలు అర్థం కాలేదు. మధ్యలో ఒకసారి డాక్టరు ఏదో అడిగితే చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు లేచి తలుపు తట్టాలనిపించింది. కూర్చునే ఉన్నాను.

నెల్డా బయటికి వచ్చింది. మోచేతి మడతలో రక్తం తీసినచోట దూది అంటించి ఉంది. చేతిలో మడిచిన కాగితం ఉంది. దాన్ని సంచీలో పెట్టుకుని నా ముందునుంచి నడిచి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను.

"డాక్టరేమన్నాడు?" అని అడిగాను కారు దగ్గర.

"నాకు చెప్పాడు" అంది నెల్డా.